పామిడి కుట్టుపనివారలు: యజమానుల బాధ్యత

పెన్నాతీరమునందలి పామిడి వస్త్రవ్యాపారమునకు బేరుగాంచిన పట్టణము. వానలు నమ్మరాని యీ సీమలో వేరుసెనగ పండని యేట నెన్ని కుటుంబములకో కుట్టుయంత్రమే యాధారము. ఆ యంత్రములయొద్ద గూర్చుండి నైటీలు కుట్టువారిలో స్త్రీలు పెక్కుమంది. వారి శ్రమఫలము దూరపు సంతలకు బోవుచున్నది. వారి మానము మాత్రము యజమాని సౌజన్యముపై నాధారపడి యుండుట న్యాయమా?

ఈ విషయమున శాసనము లేకపోలేదు. 1992లో రాజస్థానమున బాల్యవివాహమును నివారింపబూనిన గ్రామసేవిక భన్వరీదేవి సామూహిక మానభంగమునకు గుఱియైనది. ఆ యుదంతమును బురస్కరించుకొని స్త్రీసంఘములు సుప్రీముకోర్టు నాశ్రయింపగా, 1997 ఆగష్టు 13న విశాఖ తీర్పు వెలువడెను. పనిచేయుచోట స్త్రీని వేధించుట రాజ్యాంగదత్తమైన సమానత్వమునకును, జీవించుహక్కునకును భంగమని ధర్మాసనము నిర్ణయించెను. 2013లో పార్లమెంటు దీనినే చట్టముగా నొనర్చెను.

పదిమందిగాని యంతకు మించిగాని పనిచేయుచోట యజమాని యంతర్గత సంఘము నేర్పఱుపవలయును. దానికి స్త్రీయే యధ్యక్షురాలు. సభ్యులలో సగమునకు దక్కువగాకుండ స్త్రీలుండవలయును. విచారణ తొంబదిదినములలో ముగియవలయును. సంఘము నేర్పఱుపని యజమానికి 50,000 రూపాయలవఱకు జరిమానా. మరల దప్పినచో రెట్టింపు శిక్షయు, లైసెన్సు రద్దును గలుగవచ్చును. తప్పు మేస్త్రీదని చెప్పి యజమాని చేతులు దులుపుకొన వీలులేదు. సురక్షితమైన పనిచోటు గల్పించుట యాతని విధియని చట్టము స్పష్టముగా జెప్పుచున్నది.

కాని చిక్కంతయు చిన్న కార్ఖానాలలోనే కలదు. నలుగురైదుగురు కుట్టుచోట నంతర్గత సంఘ ముండదు. వేధించువాడు యజమానియే యైనచో నామె యెవరితో మొఱపెట్టుకొనవలయును? జిల్లా స్థానికసంఘముతో నని చట్టము చెప్పుచున్నది. పట్టణమున నొక నోడల్ అధికారి ఫిర్యాదును గైకొని యేడుదినములలో నా సంఘమునకు బంపవలయునని విధించినది. అనంతపురమునకు బోవుటకై దినకూలి వదలుకొనజాలని స్త్రీకి ఆ యధికారి యెవరో తెలియనిచో చట్టమున్నను లేనట్లే. అమలులోని లోపములను 2023లో గర్హించిన సుప్రీముకోర్టే, 2024 డిసెంబరు 3న జిల్లాధికారుల నియామకమునకును, స్థానికసంఘముల యేర్పాటునకును గడువులు విధింపవలసి వచ్చెను.

అబద్ధపు ఫిర్యాదులు పుట్టునని కొందఱు భయపడుదురు. దురుద్దేశముతో జేసిన ఫిర్యాదునకు శిక్ష చట్టమునందే కలదు. రుజువు చూపలేకపోయినంత మాత్రమున స్త్రీ దోషి గాదనియు నందే కలదు. ఈ రెండును న్యాయములే.

కావున పురపాలకులు నోడల్ అధికారి పేరును, కార్యస్థానమును బట్టలబజారునందు తెలుగులో వ్రాయించి పెట్టవలయును. వర్తకసంఘము తన సభ్యులచే చట్టమును పాటింపజేయవలయును. చదువరులైన భూస్వాములును తమ యిండ్లలో బనిచేయు స్త్రీలకు నీ రక్షణ చెందునని యెఱుగవలయును. కూలికై యిల్లు వెడలిన స్త్రీ నిర్భయముగా దిరిగివచ్చుటయు స్వరాజ్యములో నొక భాగమేయని మా నమ్మకము.