జీపుకు నీళ్ళు తగలకుండా చేసుకోండి, కానీ వాగు దాటడానికి కాదు



వానలు మొదలయ్యాయంటే పాత పెట్రోల్ జీపులు, జిప్సీలు ఉన్నవాళ్ళు నన్ను అడిగేది ఒకటే మాట. "నీళ్ళలో దిగితే బండి ఆగిపోతోంది, ఏం చెయ్యాలి?" ఏం చెయ్యాలో ఈ పోస్టులో చెప్తాను. దాంతోపాటు నా అభిప్రాయం కూడా చెప్తాను. కొందరికి నచ్చకపోవచ్చు, అయినా చివరిదాకా చదవండి.

ముందు బండి ఎందుకు ఆగుతుందో చూద్దాం. బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టులు. కాయిలు దాన్ని వేల వోల్టులకు పెంచి, డెల్కో మీదుగా, లావుపాటి వైర్ల గుండా ప్లగ్గులకు పంపుతుంది. అంత కరెంటు ఎక్కడ చిన్న దారి దొరికినా అటే పోతుంది. వైరు మీద పగులు, దాని మీద మట్టి, ఆ మట్టికి తడి... ఇంకేముంది, ప్లగ్గు దాకా పోకుండా ఇంజను ఇనుముకే దిగిపోతుంది. ప్లగ్గులో నిప్పు పడదు, బండి టక్ టక్ మని ఆగుతుంది. చాలాసార్లు ఆ నీళ్ళు కింది నుంచి ఎక్కినవి కూడా కాదు. రేడియేటర్ వెనకున్న ఫ్యాను నీళ్ళను అందుకుని ఇంజను మొత్తం మీద చిమ్ముతుంది.

ఇప్పుడు చేసే పని. చీకటి పడ్డాక బోనెట్ తీసి ఇంజను స్టార్ట్ చేసి, వైర్ల మీద సన్నగా నీళ్ళు చిలకరించండి. చెయ్యి మాత్రం దూరంగా ఉంచండి. నీలం రంగు మెరుపులు ఎక్కడ కనపడితే అక్కడ కరెంటు కారుతున్నట్టు. ఆ వైరు మార్చాల్సిందే, టేపు చుడితే నాలుగు రోజులే. డెల్కో మూత తీసి లోపల చూడండి. వెంట్రుకంత పగులున్నా, నల్లటి గీతలున్నా కొత్తది వెయ్యండి. ప్లగ్గు మీది రబ్బరు టోపీల లోపలి అంచుకు సిలికాన్ గ్రీజు పల్చగా రాయండి. చక్రాలకు పెట్టే మామూలు గ్రీజు వద్దు, అది రబ్బరును ఉబ్బించి పాడుచేస్తుంది. కాయిలు కిందుంటే పైకి బిగించండి.

ఒక జాగ్రత్త. కొందరు డెల్కోను సిలికాన్ పేస్టుతో చుట్టూ మూసేస్తారు. అట్లా చేస్తే లోపలి చెమ్మ బయటికి పోదు, అది ఇంకో తంటా. 1950ల్లో అమెరికా సైన్యం వాడిన విల్లీస్ ఎం38 జీపుకు కంపెనీయే నీళ్ళు చొరని ఇగ్నిషన్ ఇచ్చింది. అందులో కూడా డెల్కోను ఊరికే మూసేయలేదు, గాలి ఆడటానికి గొట్టం పెట్టారు.

ఇదంతా అవసరమే. చేను బాటలో నిలిచిన నీళ్ళకు, కాలువ గండి పడి రోడ్డెక్కిన నీళ్ళకు, జోరు వానకు ఇది పనికొస్తుంది. రాత్రిపూట ఇంట్లో ఎవరికైనా బాగాలేకపోతే బండి ఆగకూడదు కదా.

ఇక నా అభిప్రాయం. ఈ పని చేసుకున్న చాలామంది, ఇక వాగు కూడా దాటొచ్చు అనుకుంటున్నారు. అక్కడే ప్రాణం మీదికి వస్తోంది.

మూడేళ్ళ కింద యూరియా బస్తాలతో వస్తుంటే మా చప్టా మొదట్లోనే నా జీపు ఆగింది. తిట్టుకున్నాను. నలుగురు కలిసి ట్రాక్టరు కట్టి వెనక్కి లాగారు. అరగంట కూడా కాలేదు, చప్టా అంచున ఉన్న రాళ్ళు ఒక్కటి కనపడలేదు. ఆ రోజు నన్ను కాపాడింది ఆ పాడైపోయిన ప్లగ్గు వైర్లే. అవి బాగుంటే నేను నడిమధ్యకు పోయి ఉండేవాణ్ణి.

లెక్క మనమే వేసుకోవచ్చు. బండి అడుగుభాగం 5 అడుగుల వెడల్పు, 10 అడుగుల పొడవు అనుకోండి, 50 చదరపు అడుగులు. ఆ అడుగుభాగం దాటి ఇంకో అడుగు నీళ్ళు ఎక్కితే 50 ఘనపుటడుగుల నీళ్ళను బండి పక్కకు నెట్టినట్టు. ఘనపుటడుగు నీళ్ళు 28 కిలోలు. అంటే 1400 కిలోల బలం బండిని పైకి లేపుతుంది. చిన్న కారు బరువు అంత ఉండదు. టైర్లు నేల వదిలాక ఇంజను ఆగినా, ఆగకపోయినా ఒకటే. స్టీరింగు మన చేతిలో ఉంటుంది, బండి నీళ్ళ చేతిలో ఉంటుంది. పైగా నీటి వేగం రెండింతలైతే తోసే బలం నాలుగింతలవుతుంది. కింద చప్టా కొట్టుకుపోయిందో లేదో ఎర్రనీళ్ళలో కనపడదు.

"మాది డీజిలు, ప్లగ్గులే లేవు" అనేవాళ్ళకు ఒక మాట. డీజిలు ఇంజను నీళ్ళలో ఇంకా ముందుకు పోతుంది, అదే దాని ప్రమాదం. ఎయిర్ ఫిల్టరు గొట్టంలోకి నీళ్ళు పోతే పిస్టను వాటిని నొక్కలేదు, నీళ్ళు గాలిలాగా అణగవు. కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది, ఇంజను మొత్తం పోతుంది. అందుకే ఏ బండి అయినా నీళ్ళలో ఆగితే మళ్ళీ మళ్ళీ సెల్ఫ్ కొట్టొద్దు. బయటికి లాగి, మెకానిక్‌తో ప్లగ్గులు గానీ ఇంజెక్టర్లు గానీ విప్పించి, లోపలి నీళ్ళు పోయాకే స్టార్ట్ చెయ్యండి. ట్రాక్టరు పోయింది కదా అని వెనకాల మీరు పోవద్దు. దాని చక్రం ఎత్తెంత, మీ చక్రం ఎత్తెంత?

నేను పెట్టుకున్న కట్టుబాటు ఇది. నిలిచిన నీళ్ళయితే, కర్రతో చూసి, చక్రంలో సగం లోపు ఉంటేనే దిగుతాను. పారే నీళ్ళయితే, చప్టా కనపడకపోతే ఆగిపోతాను. మిరప కల్లం తడిసినా సరే, పాలు విరిగినా సరే.

ఇంకోటి. ప్రతి ఏడూ మనం బండ్లకు ఖర్చు పెట్టుకుంటున్నాం గానీ, చప్టా రెండు పక్కలా అడుగుల గుర్తులు వేసిన స్తంభాలు పాతమని గ్రామసభలో ఎంతమందిమి అడిగాం? రెండు సిమెంటు స్తంభాలు, ఒక డబ్బా పెయింటు. రాత్రిపూట కొత్తవాడు వచ్చినా లైటు వేసి చూసుకుంటాడు. ఎత్తు వంతెన వచ్చేదాకా కనీసం ఇదైనా కావాలి. ఈసారి సభలో నేను అడుగుతాను, మీ ఊళ్ళో మీరు అడగండి.

ప్లగ్గు వైర్లు ఈ వారమే చూసుకోండి. వాగు దగ్గర మాత్రం బండి ఆపి దిగి చూడండి. ఉంటాను.