రేడియేటర్లో గాలి, సెప్టిక్ ట్యాంకులో గ్యాసు



చలికాలం మొదలవగానే ఇంగ్లండులో ఉన్న మన తెలుగువాళ్ల గోడల మీద ఒకే రకం ఫొటోలు కనబడతాయి. గోడకున్న రేడియేటర్‌ని విప్పి పెరట్లో పెట్టి, గొట్టంతో కడుగుతుంటారు. పక్కన బకెట్ నిండా తారులాంటి నీళ్లు. మోచేతుల దాకా నలుపు. కింద రాత: "ఇక్కడ మన పని మనమే చేసుకోవాలి బాస్, డిగ్నిటీ ఆఫ్ లేబర్!" దానికి వందల లైకులు. "అన్నా, నువ్వు ఆల్‌రౌండర్" అని కామెంట్లు. వాటిలో మనవాళ్లవి కూడా ఉంటున్నాయి కాబట్టే ఈ భాగం రాస్తున్నాను.

ముందుగా ఆ పనికి ఇవ్వాల్సిన గౌరవం ఇద్దాం. అది నిజమైన పనే. బాయిలర్లో కాగిన నీళ్లు పైపుల గుండా ప్రతి గదిలోని రేడియేటర్లోకి వెళ్లి, వేడి ఇచ్చి, మళ్లీ బాయిలర్‌కి వస్తాయి. రేడియేటర్ పైన చల్లగా, కింద వేడిగా ఉంటే లోపల గాలి చిక్కిందని అర్థం. పై మూలనున్న చిన్న స్క్రూని తాళంచెవితో కొద్దిగా తిప్పితే గాలి బుస్సుమని పోతుంది, నీటి చుక్క కనబడగానే బిగించాలి. కింద చల్లగా, పైన వేడిగా ఉంటే మాత్రం గాలి కాదు, మడ్డి. లోపలి ఇనుము తుప్పుపట్టి నల్ల బురదై అడుగున పేరుకుంటుంది. అప్పుడు రెండువైపులా వాల్వులు మూసి, విప్పి, బయట కడిగి, మళ్లీ బిగించి, తుప్పు పట్టకుండా మందు కలపాలి. జాయింటులో ఇత్తడి ఉంగరం ఉంటుంది. తక్కువ బిగిస్తే కారుతుంది, ఎక్కువ బిగించినా కారుతుంది. ఇదంతా నేర్చుకుని చేసుకునే మనిషిని నేనెందుకు వెక్కిరిస్తాను?

నా పేచీ ఆ కింది రాతతో.

అక్కడ సొంతంగా చేసుకోవడానికి కారణం శ్రమ మీద గౌరవం పుట్టుకురావడం కాదు, శ్రమకు ధర ఉండటం. ప్లంబర్‌ని పిలిస్తే వచ్చినందుకే గట్టిగా తీసుకుంటాడు. సొంత వ్యానులో వస్తాడు, మీ కప్పులోనే టీ తాగుతాడు, బిల్లు పంపి పోతాడు. ఆ బిల్లుకు భయపడి మనవాడు యూట్యూబ్ చూసి స్పానర్ పట్టాడు. మంచిదే. కానీ ఖర్చు మిగుల్చుకోవడానికి చేసిన పనికి కులం వదిలేసినట్టు సర్టిఫికెట్ ఎందుకు?

తెలుగు పాఠాలు చెప్పేవాణ్ణి కాబట్టి ఒక మాట గుర్తుచేస్తాను. 'డీఐవై'కి మన భాషలో దగ్గరగా వచ్చే పాతమాట ఏమిటో వెతికితే నాకు దొరికింది 'స్వయంపాకం'. తన వంట తనే వండుకోవడం. ఎందుకు? ఇంకొకరి చెయ్యి తగలకూడదని! మన సంప్రదాయం మెచ్చుకున్న సొంతపని అంటరానితనానికి కాపలా కాసిన సొంతపని. సొంతంగా చేసుకోవడం దానంతటదే సమానత్వం కాదని ఆ ఒక్క మాటే చెబుతుంది.

ఇప్పుడు అదే మనిషి హైదరాబాద్‌లో అమ్మానాన్నల ఫ్లాటు బాగుచేయించడం చూడండి. వీడియో కాల్‌లోనే అంతా. రెండు బాత్రూములు పగలగొట్టాలి. కమోడ్ ఈ గోడ నుంచి ఆ గోడకి మార్చాలి. మేస్త్రీ "వాటం రాదు సార్" అంటాడు. నాలుగంగుళాల పైపు పొడవు పెరిగి వాటం తగ్గితే మలం పైపులోనే ఆగుతుంది. "ఏదోటి చెయ్యి, డిజైన్ అదే" అంటాడు మనవాడు. వంటింటి జిడ్డు నీళ్లని కూడా అదే లైనులో కలిపేస్తారు. కింద ఛాంబర్ మూతలు చూడ్డానికి బాగాలేవని వాటి మీద కొత్త టైల్స్ పరిపించేస్తారు. రేడియేటర్‌కి రెండువైపులా వాల్వు ఉంటే ఎంత సుఖమో తెలిసిన మనిషి, ఇక్కడ మురుగు లైనుకి తెరిచే దారే లేకుండా చేశాడు. ఎందుకంటే రేడియేటర్ విప్పేది తను. ఇక్కడ విప్పాల్సింది తను కాదు.

కొన్ని నెలలకు లైను జామ్ అవుతుంది. అప్పుడు ఫోన్లో అనే మాట వినండి: "ఒక మనిషిని పంపండి." ప్లంబర్‌ని పంపమనరు. ప్లంబర్ వచ్చినా మురుగు చూసి, తానూ ఇంకొకరికి ఫోన్ చేస్తాడు. ఆ ఇంకొకరు ఏ బస్తీ నుంచి వస్తాడో అందరికీ తెలుసు. పేరు మాత్రం ఎవరికీ తెలీదు. లిఫ్టు ఎక్కనివ్వరు. డబ్బులు చేతికివ్వరు, మెట్టు మీద పెడతారు.

నా క్లాసులో ఒక అమ్మాయి ఉండేది. ఫారంలో తండ్రి వృత్తి దగ్గర 'ప్లంబర్' అని రాసింది. ఆయన చేసేది ప్లంబింగ్ కాదని నాకు తెలుసు. ఆ అమ్మాయికీ నాకు తెలుసని తెలుసు. ఇంగ్లండులో ఇంజినీరు ఆదివారం ప్లంబర్ అవడం ముచ్చట. ఇక్కడ అదే మాట ఒక కూతురు తన తండ్రి మీద కప్పుకున్న దుప్పటి.

అసలు విషయం గ్యాసు దగ్గర ఉంది. బ్రిటన్లో రేడియేటర్‌ని ఎవరైనా విప్పుకోవచ్చు. కానీ గ్యాసు పైపుని, గ్యాసు బాయిలర్ లోపలి భాగాల్ని బాగుచేయించాలంటే 'గ్యాస్ సేఫ్' రిజిస్టర్లో పేరున్న మనిషినే పిలవాలి. 2009 ఏప్రిల్ నుంచి ఆ రిజిస్టర్ నడుస్తోంది, అంతకుముందు ఆ పని కోర్గీది. కారణం కార్బన్ మోనాక్సైడ్. రంగు లేదు, వాసన లేదు, ఇంటిల్లిపాదినీ నిద్రలోనే చంపుతుంది. మన ఆల్‌రౌండర్ అన్న బాయిలర్ మూత ముట్టుకోడు. ముట్టుకోవద్దని నలుగురికీ చెబుతాడు కూడా. అంటే చట్టాన్ని ఎలా పాటించాలో, కనబడని గాలికి ఎలా భయపడాలో అతనికి బాగా తెలుసు.

ఇక్కడ సెప్టిక్ ట్యాంకులోనూ ప్రాణం తీసే గ్యాసు ఉంది. హైడ్రోజన్ సల్ఫైడ్. కొంచెం ఉంటే కుళ్లిన గుడ్ల కంపు. ఎక్కువైతే ముక్కు మొద్దుబారి ఆ కంపు కూడా తెలీదు. ఒకటి రెండు పీల్పులకే మనిషి కూలిపోవచ్చు. కాపాడబోయి దిగినవాడూ పడిపోతాడు. అందుకే ఒకే ట్యాంకులో అన్నదమ్ముల శవాలు, తండ్రీకొడుకుల శవాలు దొరుకుతుంటాయి.

ఇక్కడా చట్టం ఉంది. 2013 చట్టం 7వ సెక్షన్ ప్రకారం ప్రమాదకరంగా మురుగు కాల్వ, సెప్టిక్ ట్యాంకు శుభ్రం చేయడానికి మనిషిని నేరుగా గానీ పరోక్షంగా గానీ పెట్టకూడదు. మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. 'పరోక్షంగా' అనే మాటని అండర్‌లైన్ చేసుకోండి. ఫోన్ చేసి మనిషిని పంపమన్న ఇంటాయన కూడా అందులోకి వస్తాడు. చట్టానికీ ఒక చిల్లుంది: రక్షణ పరికరాలిచ్చి, జాగ్రత్తలు పాటించి దింపితే అది 'ప్రమాదకరం' కిందికి రాదట. ఆ చిల్లులోంచే కాంట్రాక్టర్లు ఒక గుడ్డ మాస్కు చూపించి తప్పించుకుంటారు. 1993 నుంచి చనిపోయినవాళ్ల కుటుంబాలకు పది లక్షలివ్వమని 2014 మార్చి 27న, సఫాయి కర్మచారీ ఆందోళన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 అక్టోబరు 20న దాన్ని ముప్పై లక్షలు చేసింది. అది కూడా మనిషి పోయాక.

రెండు దేశాలు, రెండు గ్యాసులు, రెండు చట్టాలు. మనిషి ఒక్కడే. తను చచ్చే గ్యాసు దగ్గర చట్టం గుర్తొస్తుంది, మనవాళ్లు చచ్చే గ్యాసు దగ్గర "అర్జెంటు, ఎంతైనా ఇస్తాం" గుర్తొస్తుంది. దీన్ని తెలియకపోవడం అని నేను అనను.

మొన్న ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, వాళ్లు తమ మురుగు తామే ఎత్తుకోవడం మొదలుపెడితే మంచిదే కదా?" గాంధీ కూడా ఆశ్రమంలో అదే చేశాడు తమ్ముడూ. తన పాయిఖానా తను కడిగి, ఆ పనిని సేవ అని కీర్తించాడు. అంబేడ్కర్ 1945 నాటి పుస్తకంలో ఆ కీర్తననే ఉతికారేశారు. కడిగి వదిలేసే అవకాశం ఉన్నవాడికది వ్రతం. తరతరాలుగా దిగాల్సినవాడికి ఆ పొగడ్త ఇంకో సంకెల. వాళ్ల చేతులు నల్లబడాలని నేను కోరడం లేదు. ఎవరి చేతులూ అక్కడ పెట్టే అవసరం రాకుండా ఇళ్లు కట్టమంటున్నాను.

ఇది జరగని పని కాదు. 2017లోనే హైదరాబాద్ జలమండలి ఇరుకు సందుల్లోకి పోయే మినీ జెట్టింగ్ యంత్రాల్ని దింపింది. అయితే టైల్స్ కింద పూడ్చేసిన ఛాంబర్లోకి ఏ యంత్రం గొట్టమూ పోదు. అక్కడికి మళ్లీ మనిషే కావాలి. అందుకే ఇంటి మరమ్మతు అంటే నాకు ఇంటీరియర్ ముచ్చట కాదు. మూత ఎక్కడ పెడతారు, వాటం ఎంత వదులుతారు, ట్యాంకు దగ్గరికి లారీ వచ్చే దారి ఉంచుతారా అన్నవన్నీ కులం ప్రశ్నలే.

ఇంజినీరింగ్, పాలిటెక్నిక్ చదివే మన పిల్లలకు ఒక పని. మీ హాస్టల్లో, మీరు అద్దెకుండే ఇంట్లో ఛాంబర్ మూతలు ఎన్ని, ఎన్ని పూడ్చారు, ట్యాంకు చివరిసారి ఎవరు ఎలా తీశారు, రాసి పంపండి. మనిషిని దింపుతుంటే కనబడితే ఫొటో తర్వాత, ముందు ఆపండి. హైదరాబాద్‌లో 155313కి, ఎక్కడైనా 14420కి ఫోన్ చేసి యంత్రం పంపమనండి. అపార్ట్‌మెంట్ కమిటీ మీద ఫిర్యాదు ఇచ్చేటప్పుడు 7, 9 సెక్షన్ల పేర్లు పెట్టండి. కమిటీ వాట్సాప్ గ్రూపులో ఆల్‌రౌండర్ అన్న కూడా ఉంటాడు, అతనికీ ఒక కాపీ పంపండి.

వచ్చే భాగం లిఫ్టుల గురించి.

జై భీమ్.