స్మార్టుఫోను సాక్ష్యము - పోలీసులకు శిక్షణ

మన బజారులో ఖాతాపుస్తకము తెరచి కూర్చుండు వర్తకులు నేడు అరుదు. ఆర్డరు వాట్సాపులో వచ్చును, సొమ్ము యూపీఐలో చేరును, ఎగవేసినవాని వాగ్దానములును ఫోనులోనే నిలిచియుండును. మోసము జరిగినచో మొదటి సాక్షి ఆ ఫోనే.

మా సంఘ సభ్యులొకరు ఇట్టి వ్యవహారమున ఒక ఠాణాకు వెళ్లిరి. అక్కడివారు ఫోను తీసికొని, సందేశములను వ్రేలితో త్రిప్పిచూచి, బల్ల సొరుగులో నుంచిరి. నెట్‌వర్కునుండి దానిని వేరుచేయలేదు. మరునాటికి ఎదుటివాడు తాను పంపిన సందేశములను తన చోటనుండియే తుడిచివేసెను! ఆ సిబ్బందిని మేము దూషింపము. వారికి నేర్పినవారు లేరు.

2021 మార్చిలో కర్ణాటక హైకోర్టున న్యాయమూర్తి సూరజ్ గోవిందరాజ్‌గారు ఈ విషయమై మార్గదర్శకములు నిర్దేశించిరి. స్వాధీనము చేసికొన్న ఫోనును సంకేతములు చొరని ఫారడే సంచిలో నుంచవలెను. వెలుగుచున్న ఫోనును ఎయిర్‌ప్లేన్ స్థితిలో పెట్టవలెను. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమము 63వ సెక్షను ప్రకారము ధ్రువపత్రమున హాష్ విలువను చూపవలెను. హాష్ అనగా దత్తాంశమునకు వ్రేలిముద్రవంటిది. ఒక్క అక్షరము మారినను అది మారిపోవును. కనుకనే ముందుగా నకలు తీసి, ఆ నకలునే పరీక్షింపవలెను.

బెంగళూరున సీఐడీవారికి సైబరు శిక్షణ కేంద్రము కలదు. సంతోషమే. కాని సిరుగుప్పలోనో, సండూరులోనో ఫోనును మొట్టమొదట చేతపట్టునది హెడ్ కానిస్టేబులు. ప్రయోగశాల నిపుణుడు ఎంతటివాడైనను, మొదటి గంటలో చెడిన దానిని పిమ్మట బాగుచేయలేడు. శిక్షణ ఠాణా గుమ్మము వఱకు రావలెనని మా అభిప్రాయము.

ఇంకొక చిక్కు ప్రత్యేకముగా మనది. ఈ సరిహద్దున మనవారు తెలుగును ఇంగ్లీషు అక్షరములలో వ్రాయుదురు. ఒక్క 'ఇస్తాను' అను మాటకే నాలుగు వర్ణక్రమములు! యంత్రమున కన్నడ, ఇంగ్లీషు పదములు మాత్రమిచ్చి వెదకిన, బాకీమాటయు బెదిరింపుమాటయు తప్పిపోవును. తెలుగు చదువ నేర్చిన సిబ్బందికి ఈ పని నేర్పుట అవసరము. ఫిర్యాదును రాష్ట్రమున వాడుకలోనున్న ఏ భాషలోనైన ఇచ్చుకొను హక్కును రాజ్యాంగము 350వ అధికరణము మనకిచ్చినది. ఫిర్యాదుతో జతపరచిన సాక్ష్యమును చదువువారు లేనిచో ఆ హక్కు కాగితమునకే పరిమితము.

సభ్యులలో కొందఱు, ఫోను పోలీసుల చేతికిచ్చిన ఇంటి ఆడువారి ఫొటోలును చూతురేమోయని జంకుచున్నారు. ఆ భయము అకారణము కాదు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు నిర్ణయించినది; ఆ వ్యాజ్యము వేసిన పుట్టస్వామిగారు మన హైకోర్టున న్యాయమూర్తిగా నుండినవారే. కేసునకు సంబంధించినంతవఱకే చూచుటయు శిక్షణలో భాగము కావలెను.

జిల్లా పోలీసు సూపరింటెండెంటుగారికి సంఘము తరఫున కన్నడమునను తెలుగునను అర్జీ సిద్ధపరచుచున్నాము. ఇట్టి అనుభవము గల సభ్యులు వివరములను వ్రాసి కార్యాలయమున నందజేయ ప్రార్థన. ఫోనులోని సందేశములను మాత్రము తుడువవలదు.