ఎవరి ‘కుటుంబ సమస్య’?

సైనికుల ఆత్మహత్యల గురించి పార్లమెంటులో ప్రశ్న వచ్చినప్పుడల్లా, ఏ పార్టీ ప్రభుత్వమైనా సరే, చెప్పే కారణాల్లో ఒకటి మాత్రం మారదు: ‘కుటుంబ సమస్యలు’. 2022 జూలైలో రాజ్యసభకిచ్చిన లెక్క ప్రకారం అంతకు ముందు అయిదేళ్లలో చనిపోయినవాళ్లు 819 మంది. సైన్యంలో 642, వైమానిక దళంలో 148, నౌకాదళంలో 29. ఇన్ని చావుల మూలం ఇళ్లలో ఉందట. ఆ ఇళ్లలో ఎవరుంటారు? భార్యలుంటారు.

మా మామయ్య సుబేదారుగా రిటైరై వచ్చాడు. రాత్రిళ్లు మూడు నాలుగుసార్లు లేచి తలుపు గడియలు చూసుకునేవాడు. పళ్లెం జారిపడి చప్పుడైతే వణికిపోయేవాడు, ఆ వెంటనే అత్తయ్య మీద అరిచేవాడు. ‘మిలటరీ కోపం’ అని అందరం నవ్వుకున్నాం. ఆ నవ్వుకి ఇప్పుడు సిగ్గుపడుతున్నాను. అత్తయ్య ఒక్కతే సరిగ్గా చెప్పింది: “మీ మామయ్య ఇంటికొచ్చాడే గానీ ఇంకా డ్యూటీ దిగలేదమ్మాయ్.” ఒకసారి ఆయన చావు అంచుదాకా వెళ్లి బతికాడు. చూడడానికొచ్చిన వాళ్లు అడిగింది ఆయన్ని కాదు, అత్తయ్యని: “ఏమన్నావేమిటి ఆయన్ని?”

పార్లమెంటు జవాబులోనూ ఇదే ప్రశ్న ఉంది. కాకపోతే మర్యాదైన భాషలో.

కుటుంబ సమస్యలు లేవని నేననడం లేదు. గట్టు తగాదాలు, అప్పులు, పిల్లల చదువులు, మంచాన పడ్డ తల్లిదండ్రులు, అన్నీ ఉన్నాయి. అవి మన ఊళ్లలో అందరికీ ఉన్నవే. వాటిని దగ్గరుండి చూసుకునే అవకాశం లేకుండా మనిషిని వేల మైళ్ల దూరంలో, సెలవు కోసం పై అధికారి దయ మీద నిలబెట్టింది ఎవరు? సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్ లాంటి బలగాలు సైన్యం కావు, హోంశాఖ కిందివి. అక్కడా 2024 వరకు అయిదేళ్లలో 730 మంది ఆత్మహత్య చేసుకున్నారు. వాటిలో 80 శాతానికి పైగా సెలవు నుంచి తిరిగొచ్చాక జరిగినవేనని ఆ శాఖ వేసిన టాస్క్‌ఫోర్స్ తేల్చింది. ఇంట్లో ఏదో జరిగి ఉంటుందని దీనికి అర్థం చెప్పుకుంటున్నారు. తిరిగి వెళ్లడమే భరించలేకపోయారేమో అని ఎందుకు అడగరు?

ఈ మాటతో డబ్బు కూడా ముడిపడి ఉంది. మరణానికి సర్వీసే కారణమని, లేదా సర్వీసు వల్లే పరిస్థితి విషమించిందని తేలితేనే సైనికుడి భార్యకి ప్రత్యేక కుటుంబ పింఛను. విచారణ కాగితంలో ‘గృహ కలహం’ అని పడితే సంస్థ చేతులు కడుక్కుంటుంది. ఆమెకి నింద మిగులుతుంది, ఆదాయం తగ్గుతుంది. గౌరవమూ ఉండదు. 2023 అక్టోబరులో ఒక అగ్నివీర్ మరణించినప్పుడు సైన్యమే వివరణ ఇచ్చింది: తనకు తాను చేసుకున్న గాయంతో పోతే 1967 నాటి ఉత్తర్వు ప్రకారం సైనిక లాంఛనాలు ఉండవని, 2001 నుంచి ఏటా 100 నుంచి 140 మంది ఇలా పోతున్నారని.

బతికి బయటపడితే? పౌరుల విషయంలో 2017 మానసిక ఆరోగ్య చట్టం ఆత్మహత్యాయత్నాన్ని తీవ్రమైన ఒత్తిడికి గుర్తుగా చూడమంది. 2024 జూలైలో అమలైన భారతీయ న్యాయ సంహిత పాత 309 సెక్షన్‌ని వదిలేసింది. 1950 నాటి సైనిక చట్టం 64వ సెక్షన్‌లో మాత్రం అది నేరమే. ఏడేళ్ల దాకా జైలు. 2023 డిసెంబరు నుంచి పుణెలో సైనికులకీ వాళ్ల కుటుంబాలకీ టెలీ మానస్ ప్రత్యేక విభాగం పనిచేస్తోంది. మంచిదే. 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనూ మాట్లాడతారు, చేయమనే చెబుతాను. కానీ ఒక చేత్తో ఫోనిచ్చి ఇంకో చేత్తో శిక్షాస్మృతి చూపిస్తే నోరెవరు విప్పుతారు?

సాహిత్యం చదువుకున్న మనకీ ఇందులో వాటా ఉంది. మాంచాల బాలచంద్రుడి చేతికి కత్తినిచ్చి కారెంపూడికి పంపిందని తరతరాలుగా పాఠం చెబుతున్నాం. బాలచంద్రుడు తిరిగి రాలేదు కాబట్టి ఆమె వీరపత్ని అయింది. అతను తిరిగొచ్చి, రాత్రిళ్లు లేచి కూర్చుంటే ఆమె ఏం చేసేదో మన కావ్యాలకి అక్కర్లేదు. చచ్చిన వీరుడి భార్యకి పద్యం ఉంది. బతికొచ్చినవాడి భార్యకి ఊరి వాళ్ల ప్రశ్నే ఉంది.

ఆ తుపాకి అవతల నిలబడ్డ స్త్రీల మాటేమిటని మిత్రులు అడుగుతారు. అడగాలి. 2004లో ఇంఫాల్ కాంగ్లా కోట ముందు మణిపురి తల్లులు నిలదీసింది ఈ వ్యవస్థనే. వాళ్లని మరిచి నేనిది రాయడం లేదు. ఏడవడం చేతకానితనమని మగపిల్లాడికి నూరిపోసే మగతనమే అవతలి స్త్రీల మీద దాడి చేస్తుంది, ఇవతల తన మనిషినీ తినేస్తుంది. రెండు చోట్లా లెక్క తేల్చుకోవలసింది దానితోనే.

64వ సెక్షన్‌లోంచి ఆ మాట తీసెయ్యాలి. 1967 ఉత్తర్వు రద్దు చెయ్యాలి. సెలవు హక్కు కావాలి. అన్నిటికన్నా ముందు, విచారణ జరిగినప్పుడు భార్యని ముద్దాయిలా కాక సాక్షిగా కూర్చోబెట్టాలి. ఆయన ఎలా వెళ్లాడో, ఎలా తిరిగొచ్చాడో ఆమెకి తెలుసు. మా అత్తయ్య ఒక్క వాక్యంలో చెప్పింది. ఆ వాక్యం ఇంతవరకూ ఏ ఫైల్లోనూ ఎక్కలేదు.