కట్ట కూడ కట్టడమే

ఛాయాచిత్రానికి చెరువంత సులభమైన వస్తువు మరొకటి లేదు. లేత ఎండ, కదలని నీరు, ఒక కొంగ, దూరాన వల విసరుతున్న మనిషి – ఇంతమాత్రం దొరికితే చిత్రం తనంతట తానే కుదురుకొంటుంది. హైదరాబాదునుండి నాగార్జునసాగరం పోయే దారిలో ఉన్న ఇబ్రహీంపట్నం పెద్దచెరువుకు కెమెరాలతో వచ్చే ఛాయాగ్రాహకులు ఈ ప్రశాంతతనే పట్టుకొని పోతారు. చరిత్ర కావలసివస్తే తిరిగి నగరానికి వెళ్ళి చార్మినారు ఎదుట నిలబడతారు. ప్రకృతి ఇక్కడ, కట్టడాలు అక్కడ అనే ఈ పంపకం ఎవరు చేశారో గాని, అది సరియైనది కాదు.

దాదాపు 1300 ఎకరాల ఆ జలవిస్తారాన్ని ప్రకృతి ఇవ్వలేదు, మనుష్యులు కట్టారు. 1550 నుండి 1580 వరకు గోలకొండను ఏలిన ఇబ్రహీం కుతుబ్ షా కాలంనాటిది ఆ చెరువు. ఊరికి ఆ ప్రభువు పేరే నిలిచింది. మల్కిభరాముడని తెలుగు కవులు ముద్దుగా పిలుచుకొన్నది ఆయననే. అద్దంకి గంగాధరకవి తన తపతీసంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. హుస్సేన్‌సాగరం, 1578లో మూసీపై వెలసిన పురానాపూల్ ఆయన ఏలుబడిలోనివే. చార్మినారు 1591లో కుమారుడు మహమ్మద్ కులీ కట్టించినది. కొడుకు మినారులకు దక్కిన కీర్తి తండ్రి కట్టలకు దక్కలేదు. హుస్సేన్‌సాగరం నగరం నడుమ ఉండబట్టి బ్రతికిపోయింది, అది వేరే సంగతి.

మినారు తలయెత్తి చూడుమంటుంది. చెరువుకట్ట అట్లా అడగదు. దానిమీద నడిచిపోయేవానికి అది ఒక బాట, అంతే. కాని మట్టిని ఎంత వాలుగా పోస్తే అల తాకిడికి జారదో, లోపలివైపు రాతి పేర్పు ఎట్లా ఉండాలో, తూము ఏ మట్టాన అమర్చాలో, అలుగు ఎంత ఎత్తున ఉంటే వరదనాడు కట్ట తెగదో తెలిసిన బుద్ధి అందులో ఉంది. పైనుండి వాననీటిని చేర్చే కాలువలు లేకపోతే ఇంత కట్టడమూ వట్టి మట్టిగుట్ట. చిత్రంలో కనిపించే నిశ్శబ్దం కూడ ఊరకే వచ్చినది కాదు. తూము ఎత్తి దింపి, ఏ మడికి ఎంత నీరో చూచిన నీరటికాండ్ర చాకిరీ, కట్టమైసమ్మకు మ్రొక్కుకొన్న ఊళ్ళ భయం దాని వెనుక ఉన్నాయి.

ఆరవ నిజాము ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ (1844–1905) అనగానే మహళ్ళు, దర్బారులు, వేట విడుదులు గుర్తుకు వస్తాయి. 1899–1900 నాటి ఔరంగాబాదు కరవులో ఎముకలగూళ్ళయిన మనుష్యులను చూపిన చిత్రాలూ ఆయన పేరనే ఉన్నాయి. నీరు లేని దేశం ఎట్లా ఉంటుందో మహళ్ళను తీసిన కంటికే తెలుసు. నేటివారిలో ఆ రెండవ చూపు అరుదు.

ఇబ్రహీంపట్నం చెరువు ఏళ్ళ తరబడి నిండని కాలం చూచింది. అప్పుడు కెమెరాలు రాలేదు. నిజానికి కట్టడం కంటికి పూర్తిగా కనిపించేది అప్పుడే: రాతివరుస, తూము నోరు, పగిలిన శిఖం. నగరం ప్రాకివచ్చే దిక్కున చెరువులకు వచ్చే ఆపద కట్టమీద కనిపించదు. ఎగువన, కాలువమీద లేచిన వెంచరు రాళ్ళలో కనిపిస్తుంది. 2015లో మొదలయిన మిషన్ కాకతీయ అనేక చెరువుల పూడిక తీయించింది. పూడిక తీసిన చెరువుకైనా నీరు వచ్చే దారి ఉండాలి కదా! ఆ దారిని మాత్రం ఎవరూ ఛాయాచిత్రం తీయరు. అనతిదూరంలో, 1996లో వెలసిన ఫిల్మ్ సిటీలో, అట్టకోటల ముందు నిలబడి తీయించుకొనే చిత్రాలకు లెక్కలేదు.

కొంగను తీయవద్దని ఎవరూ అనరు. కొంగను తీసిన తరువాత రెండు మైళ్ళు ఎగువకు నడిచి, కాలువను కూడ తీయాలి. అందులో అందం ఉండకపోవచ్చు, నీరు అసలే ఉండకపోవచ్చు. వెనుక తేదీ, నిలబడిన చోటు వ్రాసిపెడితే చాలు. రేపు ఇక్కడ కాలువే లేదని ఎవరైనా వాదించిననాడు రైతు చేత పట్టుకొని వెళ్ళేది ఆ చిత్రాన్నే.