రామగుండము పురపాలనము – ఎల్లలెరుగని ధూళి

పురపాలక సంఘమనగానే మనవారికి కుళాయి, మురుగుకాలువ, వీధిదీపము జ్ఞప్తికి వచ్చును. వీనితోపాటు లెక్కింపవలసినది మరియొకటి కలదు. అది పౌరుడు పీల్చు గాలి. బసంత్‌నగరు మొదలు గోదావరిఖని వరకు రాజీవు రహదారిపై వేసవి మధ్యాహ్నమున ప్రయాణము చేసినవాడు, ఇంటికి చేరి తలగుడ్డ దులుపుకొనునప్పుడు, ఈ గాలికి బాధ్యులెవరని ఒక్కసారియైన తలపోయక యుండడు. ఆ ప్రశ్నకు ప్రత్యుత్తరము పురపాలక కార్యాలయములో దొరకదు. ఏల దొరకదో విచారించుటయే మా యుద్దేశము.

ఈ ప్రాంతమును రాజులు కట్టలేదు, వర్తకులును కట్టలేదు, కంపెనీలు కట్టినవి. బొగ్గు దొరకిన చోట గోదావరిఖని వెలసినది. 1969లో సిమెంటు కర్మాగారము నెలకొన్న చోట బసంత్ కుమార్ బిర్లా పేరిట బసంత్‌నగరు వెలసినది. 1983లో జాతీయ తాపవిద్యుత్ సంస్థ మొదటి యూనిటు నడచినది. నాటి కేంద్రము క్రమముగా 2,600 మెగావాట్లకు పెరిగినది. దాని ప్రక్కనే తెలంగాణా కేంద్రము పేర మరి 1,600 మెగావాట్లు చేరినవి. ఎరువుల కర్మాగారము 1999లో మూతపడి, కొత్త యాజమాన్యముతో, కొత్త యంత్రములతో 2021లో మరల ఉత్పత్తి కారంభించినది. కాలనీలు ముందు, ఊరు తరువాత. ఊరు ముందు, పురపాలక సంఘము తరువాత. రామగుండము నగరపాలక సంస్థయైనది 2009లో మాత్రమే. 2011 జనాభా లెక్కలనాటికే అందు 2,29,644 మంది పౌరులుండిరి. ఇంత పట్టణము పుట్టి పెరిగి పెద్దదైన పిమ్మట దానికి పాలకులను నియమించుట, పెండ్లియైన పిల్లవానికి అక్షరాభ్యాసము చేయుట వంటిది.

చట్టమేమని చెప్పుచున్నది? 1993లో అమలులోనికి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణము పురపాలక సంఘములకు అప్పగింపదగిన పదునెనిమిది విషయములను పండ్రెండవ షెడ్యూలునందు పేర్కొన్నది. పట్టణ ప్రణాళికయు, పర్యావరణ రక్షణయు వానిలో ఉన్నవి. కాని 1981 నాటి వాయు కాలుష్య నివారణ చట్టము క్రింద పొగగొట్టమునకు అనుమతి నిచ్చువారును, తనిఖీ చేయువారును రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలివారు. గనికి అనుమతి దిల్లీనుండి రావలెను. ఇట్లు పర్యావరణ రక్షణమను మాట పురపాలక సంఘమునకు దక్కినది. అధికారము మాత్రము వేరుచోట్ల నిలిచినది. పాలకవర్గమున్నను, ప్రత్యేకాధికారి యున్నను స్థితి యిదియే.

2019 నాటి తెలంగాణా పురపాలక చట్టము ఈ లోపమును మరింత విచిత్రము చేసినది. ప్రతి పురపాలక సంఘమును తన బడ్జెటులో నూటికి పదివంతులు పచ్చదనమునకు కేటాయింపవలెను. నాటిన మొక్కలలో నూటికి ఎనుబది అయిదు బ్రతుకవలెను. బ్రతుకనిచో వార్డు సభ్యుడును, ఆ వార్డునకు నియమింపబడిన అధికారియు జవాబు చెప్పవలెను. మేమీ నిబంధనను ఆక్షేపింపము, మెచ్చుకొందుము. మొక్క నాటి ఛాయాచిత్రము తీయించుకొని మరల ఆ వైపు చూడని నాయకులను మనమెందరినో ఎరుగుదుము. కాని ఈ బొగ్గు పట్టణమున ఆ నిబంధన ఎట్లు ఫలించునో ఆలోచింపుడు. రహదారి ప్రక్కన వేపమొక్క ఒకటి నాటబడినది. బొగ్గు లారీలును, బూడిద లారీలును, సిమెంటు లారీలును రేయింబవళ్లు దాని ప్రక్కగా పోవుచున్నవి. ఆకుపై దుమ్ము పేరుకొని మొక్క యెండినది. ఎండినందుకు సభ్యుడు జవాబుదారి; దుమ్ము పోసినవాడు కాడు! లారీపై పట్టా సరిగా కప్పబడినదా లేదా చూచుటకు ఆ సభ్యునికి అధికారము లేదు. అధికారము లేనివానిపై మోపిన బాధ్యత శిక్షయగును గాని పాలనము కానేరదు.

వేడిమి సంగతియు ఇట్లే యున్నది. గ్రీష్మమున 45 డిగ్రీలను దాటు దినములు రామగుండమునకు కొత్త కాదు. 2023లో రాష్ట్ర ప్రభుత్వము చల్లని పైకప్పుల విధానమును ప్రకటించి, ప్రభుత్వ భవనములకును, వ్యాపార భవనములకును, ఆరువందల చదరపు గజములకు మించిన ఇంటి స్థలములకును దానిని విధిగా చేసినది. మంచిదే. కాని రాత్రి షిఫ్టు దిగివచ్చి పట్టపగలు రేకుల క్రింద నిద్రింపబోవు ఒప్పంద కార్మికునికి ఆరువందల గజముల స్థలమెక్కడిది? వానికి ఆ విధి వర్తింపదు. సున్నపు పూత వానికే మొదట కావలెను. పచ్చదనపు పదివంతులలో కొంతభాగము ఇట్టి ఇండ్ల కప్పులకు ఖర్చు చేయుటకు చట్టము ఒప్పునో లేదో అధికారులు తేల్చి చెప్పవలెను. ఒప్పనిచో ఒప్పునట్లు సవరింపవలెను.

పరిశ్రమల వలననే బ్రదుకుచు వాని పొగను నిందించుట కృతఘ్నత యనువారు కొందరు కలరు. వారితో మాకు జగడము లేదు. 1999లో ఎరువుల కర్మాగారము మూతపడినప్పుడు అన్నము పోయిన కుటుంబముల దుఃఖమును ఈ ప్రాంతము మరువలేదు. గొట్టము ఆరిపోవలెనని ఎవరును కోరుటలేదు. కాని 1971 నాటి 62.5 మెగావాట్ల పాత విద్యుత్కేంద్రము 2024లో ఆగిపోయినది. 2070 నాటికి ఉద్గారముల లెక్క సున్నకు రావలెనని భారతదేశము 2021లో గ్లాస్గో సభయందు మాట యిచ్చినది. బొగ్గునకు ఆయువు తరుగుచున్నదని దీనివలన తేటపడుచున్నది. ఆ మాట దిల్లీ యిచ్చినది. దానిని అనుభవింపవలసినది గోదావరిఖని. 2022లో ఇచ్చటి జలాశయముపై నూరు మెగావాట్ల తేలియాడు సౌరకేంద్రము పూర్తియైనది. అది కీర్తికరమే. అయినను గనిలో వందలమంది చేయు పనిని ఆ పలకలు కోరవు. గనులు వరుసగా మూతపడినప్పుడు ఈ పట్టణము దేనితో బ్రదుకవలె నన్నదియు పట్టణ ప్రణాళికలో చేరవలసిన విషయమే.

ఇంగ్లండు చరిత్రలో ఒక ముచ్చట కలదు. 1952 డిసెంబరులో లండను నగరమును పొగమంచు కమ్మి వేలమందిని బలిగొన్నది. పిమ్మట 1956లో ఆ దేశపు పార్లమెంటు చేసిన చట్టము, ఏ పేటలో పొగ కూడదో నిర్ణయించి ప్రకటించు అధికారమును స్థానిక సంఘములకే యిచ్చినది. బొగ్గుపై ప్రపంచమంతట వ్యాపారము చేసిన జాతియే తన పురపాలక సంఘములను అంతగా నమ్మినది. మన సంఘములను మనమేల నమ్మరాదు?

క్రొత్త చట్టము వచ్చువరకు చేతులు కట్టుకొని కూర్చుండనక్కరలేదు. గాలికి పురపాలక సరిహద్దు తెలియదు. బసంత్‌నగరు దుమ్ము పాలకుర్తి పొలములమీద పడును, గోదావరిఖని దుమ్ము అంతర్గాము వైపు పోవును. పంచాయతీలను పురపాలక సంఘములను ఒకచోట కూర్చుండబెట్టుటకే రాజ్యాంగము జిల్లా ప్రణాళికా సంఘమును ఏర్పరచినది. దాని సభ్యులలో అయిదింట నాలుగు వంతులు ఎన్నికైన ప్రతినిధులే కావలెను. పెద్దపల్లి జిల్లాలో ఆ సంఘము ధూళిని, వేడిమిని, గనుల మూసివేతను తన మొదటి విషయములుగా చేపట్టవలెను. ధనము లేదను మాట చెల్లదు. 2015 నాటి సవరణము ప్రకారము గనుల రాయల్టీపై అదనముగా వచ్చు వంతు జిల్లా ఖనిజ నిధికి చేరుచున్నది. త్రాగునీరు, ఆరోగ్యము, పర్యావరణము ఆ నిధికి ముఖ్యములైన పనులని కేంద్ర నిబంధనలే చెప్పుచున్నవి. గని మూసివేతకై కంపెనీలు ప్రత్యేకఖాతాలో ధనము నిలువచేయవలెనని 2009 నుండి నియమమున్నది. త్రవ్వి విడిచిన ఓపెన్ కాస్టు గోతిలో నీరు నింపి విద్యుత్తు తీయవలెనా, చెరువు చేయవలెనా, అడవి పెంచవలెనా అను చర్చలో గోతి యొడ్డున నివసించువారి మాట వినబడవలెను.

మా కోరిక యొకటి కలదు. 2019 చట్టము ప్రతి వార్డునకు నాలుగు సంఘములను విధించినది. యువకులు, స్త్రీలు, వృద్ధులు, పెద్దమనుష్యులు అందులో ఉండవలెను. ఆ సంఘముల సభ్యుల పేర్లు తమకు తెలియునో తెలియదో ఈ పత్రికను పఠనాలయమున చదువువారు తమలో తాము విచారింపవలెను. తెలియనిచో పురపాలక కార్యాలయమునకు పోయి అడుగుడు. తమ వార్డున నాటిన మొక్కలెన్ని, బ్రతికినవెన్ని, పదివంతుల ధనము దేనికి ఖర్చయినది, గాలిని కొలిచిన అంకెలేమి – ఇవన్నియు తెలుగున వ్రాసి గోడకు అంటింపుడని కోరుడు. రాబోవు బడ్జెటు సమావేశమునకు ముందే ఆ కాగితము ప్రతి వార్డునను గోడపై కనబడవలెను.