కాంతికిఁ దూము

చెరువు కట్టుట యెంత ముఖ్యమో తూము నిలుపుట యంత ముఖ్యమని కాకతీయు లెఱుఁగుదురు. 13వ శతాబ్దిలో పాకాల చెరువును నిర్మించినవారు నీటిని నిలుపుటతోఁ దనియక, వలసిన కాలువకు వలసినంత విడుచుటకుఁ దూములను గూర్చిరి.

నేఁడు వెండ్రుకవంటి గాజు తంతువులో ననేక వర్ణముల కాంతి యొక్కటిగాఁ బ్రవహించుచు మన వార్తలను మోయుచున్నది. అందు వలసిన వర్ణమును వేఱుచేయు తూమును తంతుగర్భమునందే యమర్పవచ్చును. 1978లో కెనడాలో కెన్నెత్ హిల్ ప్రభృతులు కనుగొనిన తంతుజాలకము దీనికి మూలము. అది యొక్క వర్ణమును వెనుకకు మఱల్చి తక్కినవానిని విడుచును. తంతువును సాగఁదీసినను వేఁడిచేసినను ఆ వర్ణము మాఱును. 1550 నానోమీటర్ల కాంతియం దొక్క డిగ్రీ వేఁడిమికిఁ గలుగు మార్పు సుమారు 0.01 నానోమీటరు మాత్రమే!

ఇట్టి సూక్ష్మోపకరణములను విదేశములనుండి కొనుట చౌక గదా యందురు కొందఱు. కావచ్చును, కాని చెడినపుడు బాగుచేయు విద్య యంగడిలో దొరకదు. 1959లో నెహ్రూ శంకుస్థాపన మొనర్చిన విద్యాలయము, నేఁటి జాతీయ సాంకేతిక విద్యాసంస్థ, మన వరంగల్లుననే యున్నది. అచటి పరిశోధనలు పత్రములతో నాఁగక పనివాని చేతికి రావలయునని మేము కోరుచున్నాము. ప్రభుత్వము ధనమును, పారిశ్రామికులు ధైర్యమును, పండితులు తెలుఁగు గ్రంథములను సమకూర్తురు గాక! చెరువు మనదై తూము పరులదైనచో నీరు మనదగునా?